మన జిల్లాల్లో తీసిన డాక్యుమెంటరీని విదేశాలకు అమ్మడం ఎలా?

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ఫొటో స్టూడియోల్లో ఇవాళ పెళ్లిళ్లకు వాడుతున్న మంచి కెమెరాలు విదేశీ చానెళ్లు అడిగే నాణ్యతకు సరిపోతాయి. ముహూర్తాలు లేని నెలల్లో ఆ కెమెరాలతోనే ఎవరో ఒకరు చెంచుల మీదనో, పుట్టపాక నేత మీదనో గంట నిడివి డాక్యుమెంటరీ తీస్తూనే ఉంటారు. తర్వాత జరిగేది అందరికీ తెలిసిందే. యూట్యూబ్‌లో పెడతారు, వాట్సాప్ గ్రూపుల్లో ‘సూపర్ అన్నా’లు పడతాయి, లోకల్ పేపర్లో ఫొటో వస్తుంది. పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రాదు.

అదే ఫిల్మ్‌ను బయటి దేశాల డిస్ట్రిబ్యూటర్లకు అమ్ముకునే దారి ఉంది. ఓపిక కావాలి గానీ అందులో రహస్యమేమీ లేదు. ఒక్క సంగతి మాత్రం మొదటే మనసులో పెట్టుకోండి: డిస్ట్రిబ్యూటర్ మీ దగ్గర కొనేది హక్కులు. ఫిల్మ్ ఎంత బాగున్నా, అందులో కనిపించే మనిషి మీద, వినిపించే పాట మీద, ఎవరి దగ్గరో తెచ్చి కలిపిన బిట్టు మీద మీకు రాతపూర్వకంగా హక్కు లేకపోతే వాళ్లు ముట్టుకోరు. అందుకే కింద కెమెరా గురించి తక్కువ, కాగితాల గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు కథను బయటివాళ్ల కళ్లతో చూడండి

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ మీద ఎన్ని ఫిల్ములు వచ్చాయో లెక్కలేదు. చాలావరకు మనవాళ్లు చూడ్డానికి తీసినవే. ఏ నాయకుడు ఏం హామీ ఇచ్చాడు, పైప్‌లైన్ ఎప్పుడొచ్చింది, ఏ ప్రభుత్వం ఏం చేసింది అనే గొడవే సగం నిడివి తినేస్తుంది. పారిస్‌లోనో టొరంటోలోనో కూర్చుని చూసేవాళ్లకు ఈ పేర్లేవీ తెలియవు, తెలుసుకోవాలని కూడా ఉండదు.

అదే విషయాన్ని ఇంకో వైపు నుంచి పట్టుకోవచ్చు. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన ఆ పద్ధతిని ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పిలుస్తుంది. తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయలో, అంటే ఇథియోపియా, కెన్యా, టాంజానియాల్లో చాలా ఊళ్లకు మన బాధే ఉంది: అవే మచ్చల పళ్లు, అవే వంగిపోయిన కాళ్లు. మన జిల్లా పేరున్న పద్ధతిని అక్కడ కూడా వాడి చూశారు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ గీత దాటిన రెండు ఖండాల ఊళ్లను ఒక జిల్లా పేరు కలుపుతోందంటే, అది ఏ దేశంలోనైనా చెప్పుకోగల కథ. మీరు ఆఫ్రికా వెళ్లి షూట్ చేయక్కర్లేదు. మర్రిగూడలోనే తీయండి. కానీ సినాప్సిస్ (కథా సారాంశం) మొదటి పేరాలో ఈ లింకు కనిపించాలి.

నేత కథలకు ఈ ఇబ్బంది తక్కువ. పుట్టపాక తేలియా రుమాలునే తీసుకోండి. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిండి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టడం దగ్గర మొదలవుతుంది పని. ఆ చేతులు, ఆ జిడ్డు, రంగు పట్టాక నూలు తేలే తీరు చూపిస్తే మాటలే అవసరం లేదు. ఒకప్పుడు ఈ రుమాళ్లు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవి, 2020లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. నల్లమల చెంచుల కథలకూ, వలస వెళ్లి దేశమంతా డ్యాములు కట్టిన పాలమూరు లేబర్ కథలకూ బయట ఆసక్తి ఉంటుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పొద్దంతా నిలబడే నీడ కూడా చిన్న నిడివికి మంచి సబ్జెక్టే.

నిడివి ముందే తేల్చుకోండి. టీవీ గంట స్లాటుకు 52 నిమిషాలు, అరగంట స్లాటుకు 26 నిమిషాలు. మీది 67 నిమిషాలు వచ్చిందంటే ఫెస్టివల్‌కు పనికొస్తుందేమో గానీ టీవీ వాళ్లు ముందు అడిగేది కోత గురించే. ఎడిటింగ్ అప్పుడే రెండు వెర్షన్లు చేసి పెట్టుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

సంతకాలు షూటింగ్ రోజునే

అసలు పని ఇక్కడుంది. కెమెరా ముందు మాట్లాడిన ప్రతి మనిషి దగ్గర రిలీజ్ ఫారం తీసుకోవాలి. ఫారం ఇంగ్లిష్‌లో ఒకటి, తెలుగులో ఒకటి ఉండాలి. వాళ్ల మాటను, రూపాన్ని ఏ దేశంలోనైనా, ఏ మాధ్యమంలోనైనా, ఎంత కాలమైనా వాడుకోవచ్చని, కత్తిరించవచ్చని, వేరే భాషలోకి మార్చవచ్చని, ఇంకొకరికి అమ్మవచ్చని అందులో స్పష్టంగా రాయాలి. డబ్బు ఇచ్చారా లేదా అన్నది కూడా రాయాలి. ఇవ్వకపోతే ఇవ్వలేదనే రాయండి.

తండాలోనో చెంచుల పెంట (గూడెం)లోనో ముసలాయన ముందు ఈ కాగితం పెడితే ఆయన అడిగే మొదటి మాట ఇదే: “గీ కాయిదంల ఏం రాసిన్రు బిడ్డా? నా భూమి పొయ్యేదేం లేదుగదా?” నవ్వుకోకండి. కాగితాల మీద వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్న ప్రాంతం మనది. ఫారాన్ని మొత్తం చదివి వినిపించండి, చదువుతున్నప్పుడు కెమెరా ఆన్‌లో ఉంచండి, ఆయనకు ఏం అర్థమైందో ఆయన మాటల్లోనే చెప్పమనండి. తర్వాత సంతకమో వేలిముద్రో తీసుకుని, ఊళ్లో చదువుకున్నవాళ్లు ఒకరితో సాక్షి సంతకం పెట్టించండి. ఒక కాపీ వాళ్ల చేతిలో పెట్టండి. 18 ఏళ్లు నిండని పిల్లలైతే తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేయాలి. ఫ్లోరోసిస్‌తో ఒళ్లు వంగిన మనిషిని తీస్తున్నప్పుడు, ఆ బొమ్మ పరాయి దేశంలో లక్షలమంది చూస్తారన్న సంగతి దాచకుండా చెప్పండి. విన్నాక వద్దంటే కెమెరా దించేయడమే.

ఫారానికి ఒక నంబరు వేసి, అదే నంబరు ఫుటేజ్ ఫోల్డర్ పేరులో కూడా పెట్టండి. ఏడాది తర్వాత డిస్ట్రిబ్యూటర్ లాయరు ‘32వ నిమిషంలో నీలం చీర కట్టుకున్నావిడ ఫారం ఏది’ అని అడుగుతారు. అప్పుడు మీరు మళ్లీ దేవరకొండ బస్సెక్కే పరిస్థితి రాకూడదు.

మనుషుల తర్వాత జాగాలు. ఇల్లు, మగ్గాల షెడ్డు లాంటి వాటికి యజమాని అనుమతి చాలు. ఆలంపూర్ ఆలయాలు, నాగార్జునకొండ లాంటివి కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి, వాటికి వేరే దరఖాస్తు పెట్టాలి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో షూటింగ్‌కు అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ‘తెలిసిన సార్ ఉన్నాడు’ అని లోపలికి వెళ్లడం ఒక ఎత్తు, ఆ ఫుటేజ్‌ను విదేశంలో అమ్మడం ఇంకో ఎత్తు. అనుమతి లెటర్ లేని అడవి ఫుటేజ్ చూస్తే కొనేవాళ్లకు ముందు భయం వేస్తుంది. డ్రోన్ ఎగరేసే ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాపులో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి, డ్యాముల దగ్గర మరీ జాగ్రత్త.

మీ సొంత టీమును మరిచిపోకండి. కెమెరామన్ మేనమామ కొడుకే కావచ్చు, ఎడిటర్ క్లాస్‌మేటే కావచ్చు, అగ్రిమెంట్ రాసుకోవాల్సిందే. కాపీరైట్ చట్టం ప్రకారం ఫిల్మ్‌కు నిర్మాతే మొదటి హక్కుదారు. కానీ సంగీతం, స్క్రిప్టు, ఎవరి దగ్గరో తీసుకున్న పాత ఫొటోలు, డ్రోన్ బిట్లు వేరే వేరే హక్కులు. వాటిని మీ పేరు మీదికి రాయించుకునేటప్పుడు రెండు విషయాలు కచ్చితంగా ఉండాలి: ఎంత కాలం, ఏ ప్రాంతం. 1957 కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంట్‌లో కాలం రాయకపోతే 5 ఏళ్లు అనే లెక్క, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనే లెక్క. ‘సంగీతం హక్కులన్నీ నిర్మాతవే’ అని ఒక్క లైను రాసుకుని తృప్తి పడినవాళ్ల చేతిలో, విదేశంలో అమ్మడానికి ఆ సంగీతం మీద హక్కు ఏమీ ఉండదు. ‘ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం’ అని రాయించండి.

డీజే పాటతో వచ్చే తంటా

దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర తీస్తున్నారనుకోండి. రెండేళ్లకోసారి వచ్చే జాతర, తప్పితే మళ్లీ రెండేళ్లు ఆగాలి. గంపలెత్తుకున్న ఆడవాళ్లు, ‘ఓ లింగా’ కేకలు, గజ్జెల లాగులు, భేరీలు... అన్నీ దొరికాయి. ఇంటికొచ్చి వింటే, వెనక ట్రాక్టర్ మీది డీజేలో సినిమా పాట ఫుల్ సౌండ్‌తో. మనిషి గొంతును, ఆ పాటను సాఫ్ట్‌వేర్‌తో టీవీ నాణ్యతలో విడదీయగలమన్న భరోసా లేదు. ఆ పాట హక్కులు మ్యూజిక్ కంపెనీ దగ్గర ఉంటాయి. ప్రపంచమంతటా టీవీ ప్రసారానికి వాళ్లు అడిగే రేటు మీ ఫిల్మ్ బడ్జెట్‌ను దాటిపోవచ్చు. అప్పుడు ఆ సీన్ మొత్తం వదులుకోవాల్సి రావచ్చు.

దీనికి మందు షూటింగ్ చోటే వేసుకోవాలి. తెల్లవారుజామున, డీజేలు ఇంకా మొదలుకాని వేళ ముఖ్యమైన సీన్లు తీయండి. సౌండ్ మనిషిని విడిగా పంపి డప్పు, గజ్జెలు, జనం సందడి ఒక్కొక్కటి రెండు మూడు నిమిషాల చొప్పున శుభ్రంగా రికార్డు చేయించండి. డీజే కుర్రాడితో మంచిగా మాట్లాడితే రెండు నిమిషాలు ఆపుతాడు కూడా. ఇంటర్వ్యూ హోటల్లో తీస్తుంటే టీవీ ఆపించండి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టించండి, రింగ్‌టోన్ కూడా పాటే కదా.

జానపదం విషయంలో ఇంకో చిక్కు. తరతరాలుగా పాడుకుంటున్న బతుకమ్మ పాటను ఊరి ఆడవాళ్లు పాడితే ఆ పాట ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ పాడినవాళ్ల ప్రదర్శన మీద వాళ్లకు చట్టప్రకారం హక్కు ఉంటుంది, కాబట్టి ఫారం కావాలి. 12 మెట్ల కిన్నెర వాయించే కళాకారుడైనా, ఒగ్గు కథ చెప్పే బృందమైనా అంతే. దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక కిన్నెర గురించి బయటివాళ్లకూ తెలిసింది. ‘ఇది జానపదమే కదా’ అని కళాకారుడికి చెప్పకుండా, ఇవ్వకుండా వాడుకునే అలవాటు ఇకనైనా మానుకోవాలని నా ఉద్దేశం. ఇక కొత్తగా రాసి రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టిన ‘జానపదాలు’ ఎవరో ఒకరి సొత్తు. వాటిని ముట్టుకోవద్దు.

నెట్‌లో కొనే లైబ్రరీ సంగీతమైతే లైసెన్సు చదవండి. యూట్యూబ్ వరకే పనికొచ్చే లైసెన్సు టీవీకి చాలదు. ఏ పాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఎవరు చేశారు, హక్కు ఎవరిది అని రాసిన పట్టికను క్యూ షీట్ అంటారు. దాన్ని ఎడిటింగ్ టేబుల్ మీదే తయారుచేయించండి. ఆరు నెలల తర్వాత గుర్తు తెచ్చుకుని రాసే పని కాదది.

టెక్నికల్‌గా పెట్టుకోవాల్సినవి

మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే ట్యూబ్‌లైట్లు, ఎల్‌ఈడీల మినుకు రాదు, యూరప్ టీవీ లెక్కకూ అదే సరిపోతుంది. మధ్యలో ఫోన్‌తో తీసిన బిట్లు, 30 ఫ్రేముల్లో తీసిన డ్రోన్ బిట్లు కలిస్తే కదలిక కుదుపులుగా కనిపిస్తుంది, క్వాలిటీ చెక్‌లో అక్కడే ఆపేస్తారు. డ్రోన్ అద్దెకు తెచ్చినవాళ్లకు ఈ మాట ముందే చెప్పండి.

మాస్టర్ ఫైలును ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే ఫార్మాట్‌లో తీసి పెట్టుకోండి, ఎక్కువమంది అడిగేది అదే. యూరప్‌కు శబ్దం మట్టం మైనస్ 23 లఫ్స్ (శబ్దం గట్టిదనాన్ని కొలిచే ప్రమాణం) ఉండాలి. మన పెళ్లి వీడియోల అలవాటులో చేస్తే దానికన్నా చాలా గట్టిగా వస్తుంది. వ్యాఖ్యానం, మాటలు, సంగీతం, చప్పుళ్లు విడివిడి ట్రాకుల్లో ఉంచండి, కొన్న దేశంవాళ్లు వాళ్ల భాషలో డబ్ చేసుకోవాలి కదా. పేర్లు, ఊళ్ల పేర్లు తెర మీద వేస్తే, అవి లేని వెర్షన్ కూడా ఒకటి తీయండి. సబ్‌టైటిళ్లు బొమ్మ మీద అతికించకుండా విడిగా ఎస్‌ఆర్‌టీ ఫైలుగా ఇవ్వాలి. మన యాస తెలిసినవాళ్లతోనే తర్జుమా చేయించి, తెలుగు రాని ఇంగ్లిష్ పాఠకుడితో ఒకసారి చదివించండి. ఎడిట్ అయ్యాక ఫుటేజ్‌ను రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేరే ఇళ్లలో పెట్టండి.

యూట్యూబ్‌లో పెట్టకండి, అప్పుడే

ఫ్రీగా దొరికేదాన్ని ఎవరూ డబ్బు పెట్టి కొనరు. పెద్ద ఫెస్టివల్స్ అయితే ప్రీమియర్ ఎక్కడ జరిగిందో అడుగుతాయి, ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించిన ఫిల్మ్‌ను చాలావరకు తీసుకోవు. ఊళ్లో వాళ్లు చూడాలనుకుంటే పంచాయతీ ఆఫీసు ముందు తెర కట్టి చూపించండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. యూట్యూబ్‌లో రెండు నిమిషాల ట్రైలర్ చాలు. కొనేవాళ్లకు పంపడానికి పాస్‌వర్డ్ పెట్టిన, డౌన్‌లోడ్ కాని లింకు వాడండి.

ఈలోగా కాపీరైట్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయండి. చట్టప్రకారం తప్పనిసరి కాదు గానీ విదేశీ లాయర్లకు ఆ సర్టిఫికెట్ చూస్తే ధైర్యం. సినిమా ఫిల్మ్ కేటగిరీకి ఫీజు 5,000 రూపాయలు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే.

ఎవరికి పంపాలి

కొనేవాళ్లు నాలుగు రకాలు. నేరుగా చానెళ్లు: ఫ్రాన్స్–జర్మనీల ఆర్టే, బీబీసీ స్టోరీవిల్, అల్ జజీరా విట్‌నెస్, జపాన్ ఎన్‌హెచ్‌కే, జర్మనీ డీడబ్ల్యూ లాంటివి. వీటికి కొత్తవాళ్లు నేరుగా చేరడం కష్టం. సేల్స్ ఏజెంట్లు మీ తరఫున దేశదేశాల చానెళ్లకు అమ్మి కమీషన్ తీసుకుంటారు. ఆన్‌లైన్ వేదికలకు ఫిల్ములను చేరవేసే అగ్రిగేటర్లూ ఉన్నారు, వాటిలో పెట్టడం తేలికే గానీ చేతికొచ్చేది చిల్లర.

నాలుగో రకాన్ని మనవాళ్లు అసలు పట్టించుకోరు: విద్యాసంస్థలకు అమ్మే డిస్ట్రిబ్యూటర్లు. అమెరికాలో యూనివర్సిటీ లైబ్రరీలు డాక్యుమెంటరీలు కొంటాయి. మానవ శాస్త్రం, జాతుల జీవితం మీద తీసినవాటికి డాక్యుమెంటరీ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్ అనే పాత సంస్థ ఉంది, 1968లో మొదలైంది. దర్శకత్వం మహిళదై, కథ స్త్రీల జీవితం మీద అయితే న్యూయార్క్‌లోని విమెన్ మేక్ మూవీస్‌కు రాయండి. ఐకారస్ ఫిల్మ్స్ కూడా ఈ బాపతే. చెంచుల మీదనో, నేత ఆడవాళ్ల మీదనో తీసిన ఫిల్మ్‌కు మొదట ఈ తలుపే తట్టమని నా సలహా. స్టార్లు అక్కర్లేదు, పాఠం చెప్పడానికి పనికొస్తే చాలు. ఒకసారి లిస్టులో చేరితే ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా అమ్ముడుపోతుంది.

ఎవరికి పంపినా ముందు వాళ్ల కేటలాగ్ చూడండి. కేటలాగ్ నిండా జంతువుల ఫిల్ములున్న చోటికి కిన్నెర కథ పంపి లాభం లేదు. మీ ఫిల్మ్‌కు దగ్గరగా ఉన్న రెండు ఫిల్ములు అక్కడ కనిపిస్తే, ఈమెయిల్‌లో వాటి పేర్లు రాసి ఎందుకు రాస్తున్నారో చెప్పండి.

మనుషుల్ని నేరుగా కలవాలంటే ఫిల్ములు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు కలిసే మార్కెట్లున్నాయి. ఫిబ్రవరిలో లండన్‌లో మిప్, జూన్‌లో ఫ్రాన్స్ లా రొషెల్‌లో సన్నీ సైడ్ ఆఫ్ ది డాక్, అక్టోబరులో కాన్‌లో మిప్‌కామ్, నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇడ్ఫా, డిసెంబరులో సింగపూర్‌లో ఏటీఎఫ్. విమానం టికెట్, ప్రవేశ రుసుము, వీసా కలిపి లెక్క వేస్తే మొదటి ఫిల్మ్‌కే యూరప్ వెళ్లడం వృథా ఖర్చు. మనకు దగ్గర్లోనే నవంబరులో గోవాలో ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ పెట్టే వేవ్స్ ఫిల్మ్ బజార్ (పాత పేరు ఫిల్మ్ బజార్) జరుగుతుంది, విదేశీ కొనుగోలుదారులు అక్కడికే వస్తారు. కోల్‌కతాలో డాక్ఎడ్జ్ ఉంది, అక్కడ పూర్తికాని ప్రాజెక్టును కూడా విదేశీ చానెళ్ల ఎడిటర్ల ముందు చెప్పుకోవచ్చు. ముందు ఈ రెండూ చూడండి.

ఈమెయిల్

పొడుగు ఉత్తరం ఎవరూ చదవరు. సబ్జెక్టు లైన్‌లో ఫిల్మ్ పేరు, నిడివి, దేశం. లోపల మొదటి రెండు వాక్యాల్లో కథ. ఉదాహరణకు: ‘మచ్చల పళ్లు లేని తొలి తరాన్ని పెంచుతున్న ఊరి కథ. ఆ ఊరి జిల్లా పేరే ఆఫ్రికాలో నీటి శుద్ధికి పేరైంది.’ తర్వాత ఒక్క లైనులో వివరాలు: 52 నిమిషాలు, తెలుగు, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు, 4కే, ఏ ఏడాది పూర్తయింది, ఏ హక్కులు ఖాళీగా ఉన్నాయి. ట్రైలర్ లింకు, పూర్తి ఫిల్మ్ లింకు, పాస్‌వర్డ్. నాలుగైదు మంచి ఫొటోలు ఒక లింకులో పెట్టండి, 20 ఎంబీ అటాచ్‌మెంట్లు వద్దు. ‘గౌరవనీయులైన సర్, మేము వినమ్రంగా’ అనే ధోరణి ఇంగ్లిష్‌లోకి దించకండి. ‘హలో’ అని పేరు పెట్టి పిలిస్తే వాళ్లకు అదే మర్యాద.

రెండు వారాల తర్వాత ఒకసారి గుర్తు చేయండి. ఇంకో నెల తర్వాత ఇంకోసారి. ఆపైన వదిలేయండి. మార్కెట్ జరిగే వారంలో రాయకండి, అందరూ పరుగుల్లో ఉంటారు. జవాబు రాకపోవడం మామూలే, మనసుకు పట్టించుకోవద్దు.

ఎవరైనా ‘మీ ఫిల్మ్ అద్భుతం, ముందు రిజిస్ట్రేషన్‌కు ఇంత కట్టండి’ అంటే అక్కడే ఆగండి. ఫెస్టివల్‌కు ఎంట్రీ ఫీజు మామూలే. అమ్మిపెట్టేవాళ్లు మాత్రం తమ వాటాను అమ్మిన డబ్బులోంచే తీసుకోవాలి.

అగ్రిమెంట్ వచ్చాక

వచ్చిన సంతోషంలో సంతకం పెట్టకండి. హైదరాబాద్‌లో మీడియా ఒప్పందాలు చూసే లాయరుకు ఫీజు ఇచ్చి చదివించండి. ఈలోగా మీరే చూసుకోవాల్సినవి కొన్ని.

హక్కులు ఏ దేశాలకు, ఏ మాధ్యమాలకు, ఎన్నేళ్లకు? ప్రపంచమంతా, అన్ని మాధ్యమాలు, శాశ్వతంగా అని అడిగితే ఇవ్వకండి. ఐదారేళ్లు చాలు. భారతదేశంలో తెలుగు హక్కులు మీ దగ్గరే ఉంచుకోండి, రేపు ఇక్కడి ఓటీటీకి మీరే అమ్ముకోవచ్చు. ఎక్స్‌క్లూజివ్ (వాళ్లొక్కరికే) అయితే రేటు ఎక్కువ ఉండాలి, లేదా రెండేళ్లలో ఇంత అమ్మకపోతే హక్కులు మీకు తిరిగి వచ్చే షరతు ఉండాలి.

కమీషన్ సాధారణంగా 25 నుంచి 35 శాతం మధ్య ఉంటుంది. దానికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఖర్చుల లైను. మార్కెట్ ఖర్చులు, పోస్టర్లు, సబ్‌టైటిళ్లు అంటూ ముందు వాళ్ల ఖర్చు తీసేసుకుని మిగిలింది మీకు ఇస్తారు. ఆ ఖర్చులకు పరిమితి రాయకపోతే మిగిలేది ఎప్పటికీ సున్నానే. ‘ఇంత మించకూడదు, మించితే ముందు నా ఒప్పుదల కావాలి’ అని రాయించండి. ఏడాదికి రెండుసార్లు లెక్కల స్టేట్‌మెంట్ ఇవ్వాలని, అనుమానమొస్తే లెక్కలు చూసే హక్కు మీకుండాలని కూడా. ఫిల్మ్‌లో ఎవరి హక్కుకైనా భంగం కలిగిందని కేసు పడితే ఆదుకునే ఈ అండ్ ఓ ఇన్సూరెన్స్‌ను కొన్ని దేశాల చానెళ్లు అడుగుతాయి. దాని ప్రీమియం ఎవరు కట్టాలో ఇక్కడే తేల్చండి. మీ సంతకాల ఫైలు పక్కాగా ఉంటే ఆ ఇన్సూరెన్స్ దొరకడం తేలిక.

డబ్బు మన బ్యాంకుకు చేరడం

కరెంట్ ఖాతా ఉన్న బ్రాంచిలో ముందే చెప్పి ఉంచండి. విదేశీ డబ్బు వచ్చినప్పుడు ఎందుకొచ్చిందో తెలిపే పర్పస్ కోడ్ అడుగుతారు. ఆడియో విజువల్ సేవలకు, ఫిల్మ్ హక్కుల ఫీజులకు పీ1101. చిన్న బ్రాంచిల్లో ఇలాంటివి అరుదు కాబట్టి అగ్రిమెంట్ కాపీ, ఇన్‌వాయిస్ పట్టుకుని వెళ్లండి. డబ్బు పడ్డాక విదేశీ చెల్లింపు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే పత్రాన్ని అడిగి తీసుకుని దాచండి.

విదేశాలకు సేవలు అమ్మితే జీఎస్టీ సున్నా రేటు. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే, పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఏటా ఎల్‌యూటీ అనే హామీ పత్రం వేయాలి. ఫిల్మ్ హక్కుల లెక్కలు చూసిన సీఏ అయితే మంచిది, కిరాణా షాపుల రిటర్నులు వేసే ఆయనతో ఇబ్బంది పడతారు.

అమెరికా నుంచి డబ్బు వచ్చేటప్పుడు డబ్ల్యూ-8బెన్ అనే ఫారం అడుగుతారు, కంపెనీ పేరు మీద అయితే డబ్ల్యూ-8బెన్-ఈ. అది ఇవ్వకపోతే రాయల్టీ మీద 30 శాతం పన్ను కోసేస్తారు. ఇస్తే రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతమే. యూరప్ దేశాలు మన ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ అడగవచ్చు. దానికి టైం పడుతుంది కాబట్టి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టిన వారమే దరఖాస్తు చేయండి. అక్కడ కోసిన పన్నును ఇక్కడి రిటర్న్‌లో చూపించి తగ్గించుకోవచ్చు. అందుకు వాళ్లు ఇచ్చిన కోత పత్రం కావాలి, అడగకపోతే పంపరు.

స్టేట్‌మెంట్ రావాల్సిన తేదీలు క్యాలెండర్‌లో రాసుకోండి. అమ్మకం సున్నా అయినా స్టేట్‌మెంట్ పంపమని అడగండి. వరుసగా రెండుసార్లు రాకపోతే, అగ్రిమెంట్‌లో హక్కులు వెనక్కి వచ్చే క్లాజు నంబరు ఉటంకిస్తూ ఒక మెయిల్ పెడితే, మామూలుగా ఆ వారంలోనే జవాబు వస్తుంది.